మొక్కని మొక్కు

నా చిన్నతనం ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడితే నన్ను చూసి గర్వపడుతుందా అంటే, నాకేమీ అనుమానం లేదు. పడుతుంది. వీపు తడుతుంది కూడా. చాలామంది ఈ ప్రశ్న వేసుకుని, చిన్నప్పటి కలలు ఎక్కడ పారేసుకున్నామా అని బెంగపడతారు. నాకు ఆ బాధ లేదు. తొమ్మిదేళ్ళప్పుడు నేను ఒకే ఒక్కటి కోరుకున్నాను. ఇరవై ఆరేళ్ళప్పుడు దాన్ని అక్షరాలా తీర్చుకున్నాను. నన్ను చూసి ఎవరు సిగ్గుపడినా ఆ తొమ్మిదేళ్ళ పిల్ల మాత్రం సిగ్గుపడదు. నా కష్టమల్లా అదే.

పిల్లలూ దేవుడూ ఒకటే అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళెవరూ ఎన్నడూ పిల్లలుగా ఉన్నట్టు లేదు. నేను ఉన్నాను, నాకు బాగా గుర్తు. బళ్ళో ఒకతి నా బలపం విరగ్గొడితే ఆర్నెల్లు ఆగి దాని పలక పగలగొట్టిన రకాన్ని. పెద్దవాళ్ళు కోపాలు మర్చిపోతారు, పనులుంటాయి కాబట్టి. పిల్లలకి వేరే పనేముంది? చేతకాక ఊరుకుంటారు, అంతే.

మా అమ్మ నా ఆరో ఏట పోయింది. నాన్న ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకుని, కొత్తావిడకి ఇబ్బంది అని నన్ను బాపట్లలో మామయ్య ఇంట్లో దింపి వెళ్ళాడు. మామయ్య అమ్మకి అన్న. తాలూకా కచేరీలో గుమస్తా. ఇంట్లో కాస్త గట్టిగా మాట్లాడితే తన గొంతుకి తనే ఉలిక్కిపడే మనిషి. ఇల్లు నడిపేది అత్తయ్య. వాళ్ళకి ఒక్కతే కూతురు, నాకన్నా ఏడాది చిన్నది.

అత్తయ్య నన్ను మాడ్చిందనీ, వాతలు పెట్టిందనీ రాస్తే చదివేవాళ్ళకి సుఖంగా ఉంటుంది. అలాంటిదేమీ లేదు. కూతురి కంచంలో ఎంత పెరుగు పోసేదో నా కంచంలోనూ అంతే పోసేది. ఇద్దరికీ ఒకే తానులో పరికిణీలు కుట్టించేది. ఆదివారం పూట ఇద్దర్నీ పెరటి మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి తలంటేది. నా తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె చేతులు కొంచెం ఆగేవి. వాళ్ళ అమ్మాయిది ఎలకతోక జడ. నా జడ నడుము దాటి కిందికి వేలాడేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని వంకే చూసేవాళ్ళు. ఈ పిల్ల జుట్టు అచ్చం వాళ్ళమ్మదే అనేవాళ్ళు.

అమ్మ ముఖం నాకు అప్పటికే సరిగ్గా గుర్తులేదు. ఫొటో కూడా లేదు. ఆమె ఎలా ఉండేదో తెలుసుకోవడానికి నాకున్న ఆధారం నా జడ ఒక్కటే. పడుకునేటప్పుడు దాన్ని ముందుకి లాక్కుని రెండు చేతులతో పట్టుకునేదాన్ని. తల్లి లేని పిల్లలు ఏదో ఒకటి పట్టుకుని పడుకుంటారు. నేను దాన్ని పట్టుకునేదాన్ని.

అరవైల మొదట్లో మా వైపు ఎండాకాలం వచ్చిందంటే, ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ పూలజడ వేయాల్సిందే. విచ్చుకోని మల్లెమొగ్గల్ని వరసలు వరసలుగా జడ పొడుగునా కుట్టి, పట్టుపరికిణీ కట్టి, ఫొటో స్టూడియోకి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ వెనక నిలువుటద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ పడేలా ఫొటో తీసేవాడు. ఆ ఫొటో గోడకి ఎక్కితే తప్ప ఆడపిల్లని పెంచినట్టు కాదు. ఆ ఏడాది ఇద్దరికీ పూలజడలు వేయిస్తానని అత్తయ్య సంక్రాంతి అప్పటినుంచే చెబుతోంది. నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

ఎండలు ముదిరేలోపలే వాళ్ళ అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. ఇరవై ఒక్క రోజులు మంచం మీద ఉంది. అత్తయ్య తిండి మానేసింది, నిద్ర మానేసింది, పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చడం తప్ప ఆమెకి వేరే లోకం లేదు. నేను వంటింట్లో చద్దన్నం తిని బడికి పోయేదాన్ని. పిల్ల బతికింది. తల మీద ఉన్న ఆ కాస్త జుట్టూ పిడికిళ్ళ కొద్దీ ఊడి దిండు మీద పడేది.

ఓ రోజు పొద్దున్నే అత్తయ్య నన్ను పెరట్లో కూర్చోబెట్టుకుని తల దువ్వింది. అంత శ్రద్ధగా అంతకుముందు ఎన్నడూ దువ్వలేదు. చిక్కు ఒక్కటి కూడా తెగకుండా, కొసలు చేత్తో పట్టుకుని, చాలాసేపు దువ్వి జడ అల్లింది. రేపల్లె అవతల గుడికి వెళ్తున్నాం అని చెప్పింది. అక్కడ పూలజడ వేయిస్తావా అని అడిగాను. ముందు నడు అంది. అత్తయ్య అబద్ధం చెప్పదు. ఎన్నడూ చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పకపోవడం ఆమె పద్ధతి.

బాపట్లలో రైలెక్కి తెనాలిలో మారి, రేపల్లె బండి పట్టుకుని, అక్కడ దిగి జట్కాలో రేవు దాకా వెళ్ళాం. పడవలో కృష్ణ దాటితే అవతల గట్టున గుడి. పడవలో నేను నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడుకున్నాను. మామయ్య నా వంక ఒక్కసారి కూడా చూడలేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ, ఆయనకి తెలుసు.

గుడి పక్కన పాకలో కత్తి పదును పెట్టుకుంటున్న ముసలాయన నన్ను చూసి, ఆడపిల్ల గదమ్మా, మూడు కత్తెర్లు ఇస్తే చాలు, దేవుడేమీ అనుకోడు అన్నాడు. ఆడవాళ్ళ మొక్కుకి మూడుసార్లు కత్తెర వేసి, కాస్త కొసలు తీసి సరిపెట్టడం ఉంది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అత్తయ్యకీ తెలుసు.

"గుండనే మొక్కుకున్నానయ్యా" అంది అత్తయ్య.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా ఇంట్లో మేనకోడలి జుట్టు అత్త దానం చేసింది. నాకు విషయం అర్థమయ్యేసరికి పాకలోంచి రేవు వైపు సగం దూరం పరిగెత్తాను. పట్టుకున్నది మామయ్యే. రెండు భుజాలూ నొక్కి కూర్చోబెట్టి, తను కళ్ళు మూసుకున్నాడు. నేను అరిచిన అరుపులకి చుట్టూ జనం నవ్వారు. గుళ్ళ దగ్గర ఏడ్చే పిల్లల్ని చూసి అందరూ నవ్వుతారు, అది మామూలే. నా ఒళ్ళో పడిన జడని ఆ ముసలాయన కాలితో పక్కకి నెట్టాడు. వాళ్ళ అమ్మాయి మామయ్య తువ్వాలు పరుచుకుని కూర్చుని బెల్లం ముక్క చప్పరిస్తోంది.

తిరుగు పడవలో మామయ్య చాలా ధైర్యం తెచ్చుకుని, మన పిల్లది ఇస్తే పోయేదిగా అని గొణిగాడు. దాని తల మీద ఏముంది ఇవ్వడానికి, దేవుడికి ఇచ్చేటప్పుడు మంచిది ఇవ్వాలి అంది అత్తయ్య. ఆమె మెడ మీద కొబ్బరికాయంత ముడి ఉంది. అది ఇవ్వచ్చునని ఆ పడవలో పెద్దవాళ్ళెవరికీ తోచలేదు. నాకు తోచింది.

మల్లెపూలు ఇంకా వస్తుండగానే వాళ్ళ అమ్మాయికి పూలజడ వేశారు. సొంత జుట్టు చాలక సవరం పెట్టి వేశారు. మొగ్గలన్నీ గుచ్చి ఇచ్చింది నేను. అత్తయ్య నాకు మామయ్య పాత చొక్కా ఒకటి చేతులు మడిచి తొడిగి, గుండు మీద ఎండ తగులుతుందని తలకి రుమాలు కట్టి స్టూడియోకి తీసుకెళ్ళింది. విసనకర్ర పట్టుకోవడానికి. స్టూడియో అతను రుమాలు జారిన నా తల చూసి, బాబుని కూడా పక్కన నిలబెట్టమంటారా అమ్మా అని అడిగాడు. అత్తయ్య నవ్వింది. వద్దండి అంది. బాబు కాదని మాత్రం చెప్పలేదు.

అప్పుడు అద్దంలో చూశాను. ఒక పక్క తెల్లగా మెరిసే పూలజడ. ఇంకో పక్క నేను. మధ్యలో వెనక ఎక్కడో అత్తయ్య ముడి. ఆ క్షణంలో ఏడవలేదు. ఏడుపు అప్పటికి అయిపోయింది. నీకూ గుండు చేయిస్తాను అత్తయ్యా, నువ్వూ ఇట్టాగే కూర్చోవాలి అనుకున్నాను. పెద్దయ్యాక డాక్టరవుతాను, టీచరవుతాను అని పిల్లలు ఎలా అనుకుంటారో అలాగే. ఇంకే ముచ్చటా నాకు తోచలేదు.

బళ్ళు తెరిచాక నెలరోజులు నా గుండు మీద మొట్టనివాళ్ళు లేరు. తర్వాత జుట్టు మళ్ళీ వచ్చింది. అమ్మది రాలేదు, నాది వచ్చింది. పల్చగా, భుజాల దాకా.

పద్దెనిమిదో ఏట మామయ్యే నాకు పెళ్ళి చేశాడు. నేను తెనాలి వచ్చాను. మా ఆయన బియ్యం మిల్లులో పనిచేసేవారు. నేను వీధి గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. పాప పుట్టింది. ఆ ఏళ్ళన్నిటిలో నా లోపలి ఆ గుండు పిల్ల నిద్రపోయిందనే అనుకున్నాను. డెబ్భైల మధ్యలో మామయ్య పోయాడని కబురొచ్చినప్పుడు అది లేచి కూర్చుంది.

అత్తయ్యకి వెళ్ళడానికి చోటు లేదు. కూతురి అత్తగారింట్లో ఉండటం ఆమెకి నామోషీ, వాళ్ళకీ ఇష్టం లేదు. దినాలు అయిన మర్నాడే నేను బాపట్ల వెళ్ళి ఆమెని, ఆమె ట్రంకు పెట్టెనీ తెనాలి తీసుకొచ్చాను. మా వీధి అంతా నన్ను మెచ్చుకుంది. పెంచిన చెయ్యిని మర్చిపోలేదు, కూతురు చెయ్యని పని మేనకోడలు చేసింది అన్నారు. మా ఆయన కూడా నా వంక కొత్తగా చూశారు. నేను తల వంచుకుని వినేదాన్ని. పొగడ్తలకి సిగ్గుపడుతున్నానని అనుకున్నారు.

ఆమెకి ఏ లోటూ చెయ్యలేదు. ఆమె నాకు ఎంత పెరుగు పోసేదో నేనూ అంతే పోశాను. పాపకి కొన్న తానులోనే మిగిలిన ముక్కతో ఆమెకి జాకెట్టు కుట్టాను. అడిగినదానికి జవాబు చెప్పడం మానేశాను. కూతురు ఉత్తరం రాసిందా అని ఆమె అడిగితే, చేతిలో ఉత్తరం పెట్టుకునే, పొయ్యి మీద పాలు చూడు అనేదాన్ని. రెండు రోజుల తర్వాత ఇచ్చేదాన్ని. ఇవన్నీ నేను ఆమె దగ్గర నేర్చుకున్నవే. గురువుని మించిన శిష్యురాలిననే చెప్పాలి.

బొట్టు పోయింది, గాజులు పోయాయి, పూలు పోయాయి. ఆమెకి మిగిలింది ఆ ముడి ఒక్కటే. యాభై దాటినా సగం నలుపే. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వరండాలో కూర్చుని, విప్పి, దువ్వి, మళ్ళీ చుట్టి, రెండు పెద్ద పిన్నులు గుచ్చేది. ఆ అరగంట ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. మిషన్ దగ్గర నుంచి నాకు ఆమె వీపు కనిపించేది. ఆ ముడి చూస్తూ చాలామంది జాకెట్లు పాడుచేశాను.

పాపకి ఆరో ఏట కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. డాక్టరు ఉప్పూ నూనే మానిపించాడు. చప్పిడి అన్నం తినలేక పాప ఏడుస్తుంటే, అత్తయ్య తనూ చప్పిడి అన్నం కలుపుకుని దాని పక్కన కూర్చుంది. చూడు, నేనూ ఇదేగా తింటున్నా అని చూపించేది. నెలన్నర ఆమె ఉప్పు ముట్టలేదు. పక్క మీద పాపకి విసిరీ విసిరీ ఆమె మణికట్టు వాచింది. ఇదంతా చూసి నా మనసు కరిగిందని రాయాలని ఉంది. కరగలేదు. కూతురి కోసం ఆమె ఇలాగే కూర్చుందని, అప్పుడు నేను వంటింట్లో చద్దన్నం తిన్నానని గుర్తొచ్చింది.

పాపకి తగ్గింది. చూసిపోవడానికి మా వీధి ఆడవాళ్ళు ఐదారుగురు ఒక పూట కలిసి వచ్చారు. అత్తయ్య వాళ్ళకి మంచినీళ్ళు ఇస్తోంది. నేను మిషన్ ఆపి మాట్లాడాను.

"పాప కళ్ళు పచ్చబడ్డ రోజునే మొక్కుకున్నాను. తగ్గితే మా అత్తయ్య చేత గుండు చేయిస్తానని."

నేను ఏ మొక్కూ మొక్కలేదు. ఆ నెలన్నరలో దేవుడి పటం వంక చూసిన పాపాన పోలేదు. డాక్టరింటి చుట్టూ తిరగడమే సరిపోయింది. ఆ మాట అప్పటికప్పుడు కల్పించింది కూడా కాదు. పాపకి తగ్గుతుందని డాక్టరు చెప్పిన రోజునుంచీ దాన్ని నాలిక కింద పెట్టుకుని, సరైన జనం కోసం చూస్తున్నాను. నలుగురి ముందు అంటే ఆమె కాదనలేదు. పసిపిల్ల పేరు మీద మొక్కు. కాదన్నవాళ్ళకి మా వైపు మంచినీళ్ళు కూడా పుట్టవు.

వచ్చినవాళ్ళలో ఒకావిడ, మీ జుట్టు మొక్కుకోవాలి గానీ పెద్దావిడది ఎట్టా మొక్కుకున్నారండి అని అడిగింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు నేనేదో చెప్పాను, పెద్దల తలనీలాలైతే దేవుడు తొందరగా వింటాడని. అత్తయ్య చేతిలో చెంబు అలాగే ఉంది. నా వంక చూసింది.

"ఎప్పుడు వెళ్దాం?" అంది.

ఎనిమిది రోజుల తర్వాత అన్నాను. మర్నాడే వెళ్ళచ్చు, రైళ్ళు ఉన్నాయి. ఆమె నాకు ముందుగా చెప్పకుండా చేయించింది, నేను ముందుగా చెప్పాను, ఆ ఒక్క విషయంలో నేనే నయమని కొన్నాళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను. నయమూ లేదు ఏమీ లేదు. మధ్యలో ఆ ఎనిమిది రోజులూ ఆమె అనుభవించాలని పెట్టాను. రోజూ మధ్యాహ్నం ఆమె జుట్టు విప్పుతుంటే, మనసులో ఏడు, ఆరు, ఐదు అని తగ్గించుకుంటూ వచ్చాను.

నాలుగో రోజున పాప ఒళ్ళు కాస్త వెచ్చబడింది. ఎండలో ఆడి వచ్చింది, అంతే. నేను మాత్రం గంటకోసారి దాని నుదురు పట్టుకుని చూశాను. మొక్కు నిజంగా మొక్కినా అబద్ధానికి మొక్కినా, పిల్ల పేరు మీద నోట్లోంచి బయటపడ్డాక అది మొక్కే. తీర్చకపోతే ఎవరికి తగులుతుందో మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను అల్లిన అబద్ధానికి నేనే భయపడి, దేవుడి పటం ముందు దీపం పెట్టి, తప్పకుండా తీరుస్తానని దండం పెట్టుకున్నాను. ఇంత తెలివితక్కువ పని ఇంకెక్కడా జరిగి ఉండదు. ఇక వెనక్కి తగ్గుదామన్నా దారి లేకుండా చేసుకున్నాను.

వెళ్ళే రోజు పొద్దున అత్తయ్య తలకి నూనె రాసుకుని దువ్వుకుంటోంది. తీసేసే జుట్టుకి నూనెందుకండీ అని పక్కింటావిడ అడిగితే, దేవుడికి చిక్కుజుట్టు ఇస్తామా అంది. రేపల్లె బండిలో పాప ఆమె ఒళ్ళోనే కూర్చుంది. స్టేషన్ నుంచి రేవు దాకా ఇప్పుడు బస్సు ఉంది. పడవలో ఆమె, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె నీళ్ళ వంక చూడలేదు, పాప అటూ ఇటూ వంగకుండా పరికిణీ అంచు పట్టుకుని కూర్చుంది. ఈ పడవలో ఇదివరకు వచ్చామని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

పాకలో ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు. నడివయసువాడు. అత్తయ్యని చూసి లేచి నిలబడి, నాతో మాట్లాడాడు.

"పెద్దావిడ గదండీ, మూడు కత్తెర్లు చాలండి. మొక్కు తీరినట్టే."

ఇక్కడ నేను కాస్త ఆగాలి. మొక్కు తీర్చకపోతే పాపకి ఏమవుతుందోనన్న భయంతో చేశానని చెప్పుకోవడానికి నాకు ఇన్నాళ్ళూ వీలు లేకుండా చేసింది ఆ మాటే. మూడు కత్తెర్లతో పాప గురించిన భయం తీరుతుంది. ఆమె ముడి ఆమెకి ఉంటుంది. ఎవరికీ ఏ దోషమూ లేదు. నేను ఊ అంటే చాలు. అత్తయ్య నా వంక చూసింది. ఆ చూపులో ఏదో అడగడం ఉంది. ఆమె నన్ను జీవితంలో ఏదైనా అడిగిందంటే ఆ ఒక్కసారే, అదీ నోరు తెరవకుండా.

"గుండండీ" అన్నాను.

ఆమె పిన్నులు రెండూ తీసి నా చేతిలో పెట్టింది. పాపకి పనికొస్తాయి ఉంచు అంది. పీట మీద కూర్చుంది. ఎవరూ పట్టుకోవాల్సిన పని లేకపోయింది. నీళ్ళు చల్లి అతను కత్తి పెట్టాడు. ఆమె ఏడుస్తుందని ఎదురుచూశాను. దాని కోసమేగా పదిహేడేళ్ళు ఆగింది. ఆమె కళ్ళు కూడా మూసుకోలేదు. ఎదురుగా నేల మీద పడుతున్నదాన్ని, ఎవరిదో చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది. అంతా అయ్యాక తల ఇంతే కనిపించింది. ఇంత చిన్న తలా అనుకున్నాను. కుడి చెవి పైన పాత గాయం మచ్చ ఒకటి ఉంది. ఆమెకి చిన్నప్పుడు ఎవరు కొట్టారో, ఎక్కడ పడిందో, అది నాకు ఎన్నడూ తెలియలేదు.

నాకు సంతోషం కలిగింది. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. గుండెలో ఏదో చల్లగా దిగింది. ఆ గుండు పిల్ల నా లోపల చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు పడవ ఎక్కేదాకా ఉంది.

నది మీద గాలికి ఆమె చెంగు తల మీద నిలవడం లేదు. ఎన్నిసార్లు లాక్కున్నా జారిపోతోంది, పట్టి ఉంచడానికి జుట్టు లేదు. వెనకటి కాలంలో కొన్ని ఇళ్ళల్లో తల గొరిగించి మూల కూర్చోబెట్టిన విధవరాళ్ళు ఉండేవాళ్ళు. మా ఇళ్ళల్లో ఆ ఆచారం ఎన్నడూ లేదు. ఇప్పుడు ఆమె అచ్చం వాళ్ళలా ఉంది. నేను దీన్ని ముందుగా ఆలోచించలేదు. ఆలోచించి ఉన్నా మానేదాన్ని కాదేమో.

రేపల్లె స్టేషన్లో బండి కోసం కూర్చుంటే, పక్కన బుట్ట పెట్టుకున్న ఒకావిడ అత్తయ్యని చూసి, ఎవరికి బాలేదు పిన్నిగారూ అని అడిగింది. నేను మాట్లాడేలోపలే అత్తయ్య చెప్పింది.

"మా మనవరాలికండి. నేనే మొక్కుకున్నాను."

ఆ అబద్ధం ఆమె నోట విన్నప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. ఆమె అబద్ధం చెప్పదని నాకు తెలుసు. చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఆలోచిస్తూ తెనాలి దాకా కూర్చున్నాను. మా వీధిలో అడిగినవాళ్ళకీ అదే చెప్పింది. మా అమ్మాయి ఊరికే అన్నది, మొక్కుకున్నది నేనే అంది. రెండు రోజుల్లో నా మీద ఉన్న ఆ కాస్త గుసగుసా పోయింది. వాళ్ళు ఆమె చేతులు కళ్ళకద్దుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. దువ్వుకోవడానికి ఏమీ లేదు కాబట్టి, ఆమె వెనక వరండాలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. పాప ఆమె వెనక నిలబడి గుండు నిమురుతూ, గరుగ్గా ఉందని నవ్వుతోంది. నేను గిన్నెలు లోపల పెడుతున్నాను. ఆమె తలెత్తకుండానే నన్ను పిలిచింది.

"అమ్మాయీ, ఇంకేమన్నా మొక్కుకున్నావా? ఉంటే ఇప్పుడే చెప్పు. నాకు ఓపిక ఉండగానే తీర్చేసుకుందాం."

గొంతులో ఎగతాళి లేదు, ఏడుపు లేదు. బజారు నుంచి ఏమన్నా తేవాలా అని అడిగినట్టు అడిగింది. ఆమెకి అంతా తెలుసు. మిషన్ ఆపి నేను నోరు తెరిచిన రోజే తెలుసు. అది నిజం మొక్కయితే ఆమె నన్ను ఆ మాట అడగదు. చేట మీద ఆమె వేళ్ళు ఆగి ఉన్నాయి, నా జవాబు కోసం.

ఒక్క మాట చాలు. అసలు మొక్కే లేదత్తయ్యా, నీ మీద కోపంతో అన్నాను అంటే చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. చెబితే ఆమె ఏమంటుందోనని కాదు నా బెరుకు. ఆ మాట చెప్పానంటే ఆ గుండు పిల్ల నన్ను ఇక చూడదు. అమ్మ పోయినప్పటినుంచీ నా వైపు నిలబడ్డది అదొక్కతే. దాని ముందు నేను చిన్నబోలేను.

"ఏమీ లేవత్తయ్యా" అన్నాను.

"పోన్లే" అని ఆమె మళ్ళీ బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. తర్వాత నాలుగేళ్ళు మా ఇంట్లోనే ఉండి కన్నుమూసింది. ఆ మాట మళ్ళీ అడగలేదు.